ఆడించే ముందు కొలిచి చూడు

చి. అమ్మలుకు, ఆశీస్సులు.

ఇంఫాల్‌లో పాత మణిపురి సినిమా రీళ్లు పరిశీలించే పనిలో చేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. గర్వంగా ఉంది, భయంగానూ ఉంది. 1972లో ‘మాతమ్‌గీ మణిపూర్’తో మొదలైన సినిమా అది. చిన్న రాష్ట్రం, చిన్న మార్కెట్. మన సినిమాల్లా ఊరూరికీ ప్రింట్లు వెయ్యలేదు. నీ చేతిలో చిరిగితే మరోటి దొరక్కపోవచ్చు.

గ్లవ్స్ వేసుకో, అంచులే పట్టుకో. ఇది నీకు తెలుసు.

డబ్బా తెరవగానే ఏముందో చూద్దామని ప్రొజెక్టర్‌కెక్కిస్తారే, ఆ ఆత్రమే ఎన్నో సినిమాల్ని మింగింది. వేడికీ తేమకీ అసిటేట్ ఫిల్మ్, అంటే ఆ పాత రీళ్ల ప్లాస్టిక్, కుంచించుకుపోతుంది. అంచు రంధ్రాల మధ్య దూరం తగ్గుతుంది, ప్రొజెక్టర్ పళ్లు వాటిలో సరిగ్గా కూర్చోవు, లాగి చింపేస్తాయి. అందుకే ముందు కొలిచి చూడు. 16 ఎం.ఎం. వెడల్పు ఫిల్మ్‌లో వంద ఫ్రేములు 762 మిల్లీమీటర్లు ఉండాలి, 35 ఎం.ఎం.లో 1900. 762 ఉండాల్సింది 754కి దిగితే ఒక శాతం పోయినట్టు. ఎవరు బతిమాలినా ఆడించకు. పళ్లు లేని స్కానర్‌కే పంపించు. రీలు మొదట్లో, మధ్యలో, చివర్లో మూడుచోట్లా కొలువు. పైచుట్టు బాగుంటే లోపలా బాగుందనుకోకు. తెగినచోట మామూలు సెల్లోటేపు అంటించావో, ఊరుకోను. జిగురు కారి పక్క చుట్టుకీ అంటుకుంటుంది. శబ్దం ట్రాక్ కూడా అంచునే ఉంటుంది, పాట పోతుంది.

పోతే ఏం పోతుందో తెలుసుకో. దర్శకుడు అరిబం శ్యామ్ శర్మ ‘ఇషానౌ’లో మైతేయిల దేవతల పండుగ లాయ్ హరావోబా ఉంది, దేవత పిలుపందుకుని సంసారం వదిలి మాయిబీ, అంటే పూజారిణి, అయిన ఇల్లాలుంది. 1990 నాటి ఆ సినిమాను బాగుచేశాక 2023లో కాన్ చిత్రోత్సవంలో మళ్లీ చూపించారు. ఎం.కె. బినోదినీ దేవి రాసిన ‘ఇమాగీ నింగ్‌థెమ్’ 1982లో ఫ్రాన్స్‌లోని నాంత్ చిత్రోత్సవంలో అగ్ర బహుమతి గెలిచింది. వీటికంటే పాతవీ, పేరు రానివీ నీకు ముఖ్యం కావాలి.

పుల్లటి వాసనొస్తే ఆ డబ్బాను వెంటనే వేరుచెయ్యి, ఆ ఆవిరి పక్క రీళ్లనీ చెడగొడుతుంది. ఆమ్లం చూసే కాగితప్పట్టీ డబ్బాలో ఒక రోజు ఉంచు: నీలంగానే ఉంటే పర్లేదు, ఆకుపచ్చగా మారితే చెడటం మొదలైనట్టు, పసుపైతే ముదిరినట్టు. ముక్కు పెట్టి మాత్రం వాసన చూడకు తల్లీ. నీకసలే ఉబ్బసం. కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకునే పనిచెయ్యి.

తుప్పు డబ్బాలు మారుస్తావు, సరే, లేబుళ్లు పారెయ్యకు. అప్పట్లో మణిపురిని బెంగాలీ లిపిలో రాసేవారు. బడిలో మణిపురి సొంత లిపి మైతేయి మయెక్ నేర్చుకున్న కుర్రాళ్లకి ఆ రాత తెలియకపోవచ్చు. ఫోటో తీసి, అక్కడి పెద్దవాళ్లతో చదివించి, ఏ రీలు ఎన్నోదో రాసుకో. ఇన్‌హేలర్ చేతిసంచీలోనే పెట్టుకో.

మీ పెదనాన్న