వాలెట్ ఖాళీ అయింది సరే, ఆ రోజు దేనికి సంతకం చేశారు?

ప్రశ్న: కొత్తగా వచ్చిన ఒక ఆన్‌లైన్ వేదికకు నా క్రిప్టో వాలెట్‌ను కలిపి, కొద్ది మొత్తంతో పరీక్షించాను. సొమ్ము సక్రమంగా తిరిగి రావడంతో కనెక్షన్ తొలగించాను. మూడు వారాల తర్వాత వాలెట్‌లోని స్టేబుల్‌కాయిన్లన్నీ (డాలరు వంటి కరెన్సీ విలువకు ముడిపెట్టిన నాణేలు) మాయమయ్యాయి. సీడ్ ఫ్రేజ్ (వాలెట్‌ను తెరిచే రహస్య పదాల వరుస) ఎవరికీ చెప్పలేదు. ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ము, నిద్ర పట్టడం లేదు. వాలెట్ కంపెనీపై దావా వేయవచ్చా?

జవాబు: ఈ వ్యవహారం సీడ్ ఫ్రేజ్ మీద తేలదు. పరీక్షించిన రోజు మీరు దేనికి సంతకం చేశారన్నదే అసలు ప్రశ్న, దాని గురించి మీ లేఖలో ఒక్క ముక్క లేదు. ఎథీరియం తరహా క్రిప్టో నెట్‌వర్కుల్లో ‘అప్రూవ్’ నొక్కడమే సంతకం; దాంతో మీ టోకెన్లను, అంటే స్టేబుల్‌కాయిన్ల వంటి నాణేలను, తీసుకునే అధికారం ఒక కాంట్రాక్టుకు (నెట్‌వర్కుపై తనంతట తానే నడిచే ప్రోగ్రాముకు) దఖలు పడుతుంది. పరిమితి పెట్టకపోతే అది ఎప్పుడైనా, మిమ్మల్ని మళ్లీ అడగకుండానే, ఆ టోకెన్లన్నీ ఊడ్చుకుపోగలదు. కనెక్షన్ తెంచినంత మాత్రాన ఆ అధికారం రద్దు కాదు. 2021 డిసెంబరులో బ్యాడ్జర్‌డావో అనే క్రిప్టో వేదిక వినియోగదారులు సుమారు 12 కోట్ల డాలర్లు పోగొట్టుకున్నది ఇలాంటి అనుమతుల వల్లనే, అదీ అసలైన వేదిక పేజీలోకి దొంగలు చొరబడి అడిగినవి.

మీ విషయంలోనూ జరిగింది ఇదే అయితే, మీ సంతకాన్ని అమలు చేసిన వాలెట్ కంపెనీపై దావా నిలవడం కష్టం. మోసగించి రాబట్టిన సమ్మతి సమ్మతి కాదన్న వాదన వేదిక నిర్వాహకులపై పనికొస్తుంది గాని, ఆ పేజీ ఏమి చూపించి సంతకం చేయించిందో రుజువు చేయవలసింది మీరే. పొదుపంతా ఉన్న వాలెట్‌తోనే పరీక్షకు దిగడం, ముక్కూ మొహం తెలియనివాడికి తాళాలగుత్తి ఇచ్చినట్టే. ఫోన్ రీసెట్ చేయకండి. అనుమతి, బదిలీల లావాదేవీ హ్యాష్‌లు (ఒక్కో లావాదేవీకి ఉండే గుర్తింపు సంఖ్యలు), సైటు పూర్తి చిరునామా, బ్రౌజర్ చరిత్ర, సందేశాలు భద్రపరచండి. దావా వేసే కాలపరిమితిని మోసాల్లో చాలా చట్టాలు అది తెలిసిన, లేదా తెలిసి ఉండవలసిన రోజు నుంచి లెక్కిస్తాయి. బదిలీ సమయం బ్లాక్‌చెయిన్‌లో (లావాదేవీలన్నీ నమోదయ్యే బహిరంగ చిట్టాలో) సెకన్లతో సహా ఉంటుంది, ఆ క్షణమే మీకు తెలిసి ఉండాలని ఎదుటివారు వాదించవచ్చు కనుక, మీకు ఎప్పుడు తెలిసిందో ఈ రోజే రాసిపెట్టుకోండి.

ముందుగా రుసుము కడితే పోయిన నాణేలు రప్పిస్తామనేవారి జోలికి పోవద్దు. అది రెండో దోపిడీ.

బ్లాక్ ఎక్స్‌ప్లోరర్‌లో (బ్లాక్‌చెయిన్ లావాదేవీలను చూపే వెబ్‌సైటులో) పాత అనుమతులను రద్దు చేసి, మిగిలినవాటిని కొత్త సీడ్ ఫ్రేజ్‌తో తెరిచిన వాలెట్‌కు మార్చండి. వెంటనే సైబర్ పోలీసులకు హ్యాష్‌లతో ఫిర్యాదు ఇచ్చి, దాని ప్రతిని స్టేబుల్‌కాయిన్ జారీ సంస్థకూ, సొమ్ము చేరిన ఎక్స్ఛేంజీకీ పంపండి. టెథర్ వంటి జారీ సంస్థలు ఒక వాలెట్ చిరునామాలోని టోకెన్లను స్తంభింపజేయగలవు, అయితే దొంగ వాటిని వేరే నాణేలుగా మార్చేలోపే.