కరోనా లాంటి రోజుల్లో పేగుపూత ఉన్నవాళ్లు ఎండోస్కోపీ కోసం ఆసుపత్రిలో చేరొచ్చా?

ఆదోని నుంచి ఒకరు అడిగారు: తమ్ముడికి అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపల వాచి పుండ్లు పడే పేగుపూత), విరేచనంలో రక్తం పడుతోంది, కర్నూలు తీసుకెళ్లాలంటే భయంగా ఉందని.

ముందు ఆ పరీక్ష ఇప్పుడే అవసరమా అని చూడాలి. 2020లో డాక్టర్లు చేసింది ఇదే. ఏటా చేసే చెకప్ కొలనోస్కోపీలు (పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే ఎండోస్కోపీలు) వాయిదా వేశారు. నిలకడగా ఉన్నవాళ్లకు మలంలో కాల్‌ప్రొటెక్టిన్ (పేగు వాస్తే పెరిగే ప్రొటీన్) పరీక్షతో పేగు వాపును అంచనా వేయొచ్చు. కానీ రోజుకు ఆరు, అంతకు మించి రక్త విరేచనాలు, దానితోపాటు జ్వరమో, నాడి నిమిషానికి 90 దాటడమో ఉంటే ఒక్క రోజు కూడా ఆగకండి. అప్పుడు వైరస్ కంటే పేగే పెద్ద ప్రమాదం.

అలాంటి రోజుల్లో చేరే ముందు కరోనా ఉందో లేదో చూసే ఆర్‌టీపీసీఆర్ పరీక్ష చేస్తారు. రిపోర్టు వచ్చేదాకా విడి గదిలో ఉంచాలి. బాత్రూం కూడా విడిగా ఉండాలని గట్టిగా అడగండి, మొహమాటపడకండి. కరోనా వైరస్ ఆనవాళ్లు మలంలోనూ కనిపించాయి, ఈ రోగి రాత్రంతా బాత్రూంకు తిరుగుతూనే ఉంటాడు. తోడు ఒక్కరే చాలు. మన దగ్గర ఊరంతా చూడ్డానికి వస్తారు, వద్దని చెప్పండి. తీవ్రంగా ఉన్నప్పుడు పేగు కడిగే మందు తాగించకుండా, చిన్న ఎనిమాతోనో అదీ లేకుండానో పెద్దపేగు చివరి భాగం మాత్రమే చూసి బయాప్సీ (పరీక్ష కోసం చిన్న ముక్క) తీస్తారు. కొద్ది నిమిషాల పని.

మందులు మాత్రం సొంతంగా ఆపొద్దు. ముఖ్యంగా స్టెరాయిడ్ ఉన్నట్టుండి మానేస్తే ప్రాణం మీదికి వస్తుంది. డోసు తగ్గించాలా అన్నది డాక్టరే చెప్పాలి. వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని వెంట తీసుకెళ్లండి.