అమ్ములూ, పార్టులు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదువు

అమ్ములూ,

రాత్రి నువ్వు పంపిన వీడియో చూశాను, వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను, వెనకాల బుజ్జిగాడి ఏడుపులో సగం వినపళ్లేదనుకో. మీ గ్యాస్ డ్రయ్యర్లో, అదే బట్టలారబెట్టే మెషిన్లో, మొదటి లోడు బానే ఆరుతోంది, వెంటనే రెండోది వేస్తే డ్రమ్ము తిరుగుతుంది గానీ చల్లగాలే కొడుతోంది, అంతేగా? అల్లుడు అప్పుడే ఆన్‌లైన్లో కొత్త ఇగ్నైటర్, అదే గ్యాసుని అంటించే ముక్క, కార్ట్‌లో పెట్టేశాడంటున్నావ్. కాస్త ఆగమను. నీ వీడియోలో ఇగ్నైటర్ నిప్పులా వెలుగుతోంది, నా కళ్లతో చూశా, వెలిగేదాన్ని పీకి ఇంకోటి పెడితే ఏం లాభం.

ఫోన్లో చెప్తే "సరే మావయ్యా సరే మావయ్యా" అనేసి మర్చిపోతావ్ కాబట్టి కూర్చుని టైపు చేస్తున్నా. న్యూజెర్సీ ఎడిసన్లో ఈ ఇంట్లోకి వచ్చి ఇరవై రెండేళ్లు, ఇది మూడో గ్యాస్ డ్రయ్యరు, మొదటిదాన్ని నా తెలివితక్కువతనంతో చంపుకున్నాను, ఆ కథ కింద చెప్తా.

ముందు ఇది ఎలా పనిచేస్తుందో తెలుసుకో. గ్యాస్ డ్రయ్యరుకి కరెంటు మామూలు 120 వోల్టుల ప్లగ్గే, ఎలక్ట్రిక్ డ్రయ్యర్ లాగా 240 వోల్టుల లావుపాటి ప్లగ్గు ఉండదు. ఆ కరెంటు మోటారుకీ, బటన్లకీ, ఇగ్నైటర్ వెలిగించడానికీ, గ్యాస్ వాల్వు తెరవడానికీ. బట్టలారబెట్టే వేడంతా కింద బర్నర్లో గ్యాస్ మంటదే. అందుకే డ్రమ్ము గిరగిరా తిరుగుతున్నా వేడి సున్నా అవ్వచ్చు, రెండూ వేరు వేరు సంగతులు.

స్టార్ట్ నొక్కగానే ఇగ్నైటర్ కాలి నారింజ రంగుకొస్తుంది, మామూలుగా ఒక నిమిషం లోపే. దాని పక్కనే ఫ్లేమ్ సెన్సర్ అని చిన్న డబ్బా, ఆ వేడి తగలగానే టిక్కుమంటుంది, ఇగ్నైటర్ ఆరిపోతుంది, వాల్వు తెరుచుకుని గ్యాస్ వస్తుంది, ఇంకా ఎర్రగానే ఉన్న ఇగ్నైటర్ తగిలి భగ్గుమని అంటుకుంటుంది. మంట నీలంగా ఉండాలి. ఇది కళ్లారా చూస్తే రోగం సగం తెలిసిపోయినట్టే. ఇగ్నైటర్ అసలు వెలగకపోతే అది విరిగుండాలి, లేదా థర్మల్ ఫ్యూజో (మితిమీరి వేడెక్కితే తెగిపోయేది) సెన్సరో థర్మోస్టాటో (వేడిని అదుపులో పెట్టేది) పోయుండాలి, మల్టీమీటర్ (కరెంటు కొలిచేది) పెట్టి చూసుకోవాల్సిందే. వెలిగి వెలిగి ఆరకుండా అలాగే ఉండి మంట రాకపోతే ఫ్లేమ్ సెన్సర్ అతుక్కుపోయింది. వెలిగింది, టిక్కుమంది, ఆరింది, కానీ మంట రాలేదు, కాసేపాగి మళ్లీ అదే తంతు, ఇది మాత్రం గ్యాస్ వాల్వు మీద ఉండి దాన్ని తెరిచే కాయిల్స్, అంటే తీగచుట్టల పని. వంటింట్లో స్టవ్ వెలుగుతోందంటున్నావ్ కాబట్టి ఇంట్లోకి గ్యాస్ వస్తున్నట్టే, డ్రయ్యర్ వెనకున్న వాల్వు సగం మూసి ఉందేమో ఒకసారి చూడు చాలు.

నీ వీడియోలో ఉన్నది ఈ మూడోదే. కాయిల్ చల్లగా ఉన్నప్పుడు బానే పనిచేస్తుంది, అరగంట కాలాక లోపలి సన్నతీగ వేడికి సాగి ఎక్కడో తెగినట్టవుతుంది, వాల్వు తెరుచుకోదు. గంట ఆగితే చల్లారి మళ్లీ మామూలే. అందుకే మొదటి లోడు బంగారం, రెండోది పచ్చి. ఖరీదు పెద్దగా ఉండదు, తలుపు తీస్తే ఫ్రేము మీద స్టిక్కరుంటుంది, ఆ మోడల్ నంబరు కొట్టి సెట్టు తెప్పించు. ఒకటే పోయినా రెండూ కలిపి మార్చెయ్, ఒకదాని వెనకే రెండోదీ పోతుంది ఎలాగూ. ప్లగ్గు పీకి, డ్రయ్యర్ వెనకున్న గ్యాస్ వాల్వు పిడిని పైపుకి అడ్డంగా తిప్పి, అంటే మూసేసి, అప్పుడు చెయ్యి పెట్టమను. చాలా మోడళ్లలో పట్టీ ఒకటి విప్పితే కాయిల్స్ పైకి వచ్చేస్తాయి, గ్యాస్ పైపు జోలికే వెళ్లక్కర్లేదు. మీదాంట్లో పైపు విప్పితే గానీ అందదనిపిస్తే అక్కడితో ఆపేసి లైసెన్స్ ఉన్నవాణ్ణి పిలవండి, ఆ డబ్బు మిగుల్చుకోవద్దు. ఎప్పుడైనా ఇగ్నైటర్ మార్చాల్సొస్తే మాత్రం తెల్లటి పింగాణీ వైపు పట్టుకోవాలి, బూడిదరంగు వైపు వేలు తగిలిందా ఆ జిడ్డుకే కాలిపోతుంది, పైగా అప్పడంలా విరుగుతుంది.

ఇప్పుడు అసలు విషయం. కాయిల్స్ వచ్చేలోపు నువ్వు చేయాల్సింది డ్రయ్యర్ గాలి సంగతి చూడ్డం. నాకు తెలిసినంతలో పదిళ్లల్లో ఎనిమిదిళ్ల గోల మంట గోల కాదు, గాలి బయటికి పోక.

నా మొదటి డ్రయ్యర్ కథ ఇదే. ఓ మార్చి నెలలో వేడి ఆగిపోయింది, పిలిస్తే వచ్చినవాడు థర్మల్ ఫ్యూజ్ పోయిందన్నాడు, మార్చాడు, డబ్బులు తీసుకున్నాడు, వెళ్లాడు. మూడు వారాలకి మళ్లీ పోయింది. ఈసారి నేనే కొనుక్కొచ్చి మార్చాను, మీ అత్తయ్య ముందు గొప్పలు కూడా పోయాను. మళ్లీ పోయింది. మూడోసారి ఎక్కడో చదివి ఆ ఫ్యూజుని వైరుతో కలిపేద్దామని కూడా అనుకున్నానే అమ్ములూ, చేసుంటే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదేమో. ఆ ఫ్యూజు ఉండేదే లోపల మితిమీరి వేడెక్కితే ఒక్కసారి తెగిపోయి కాపాడ్డానికి, తెగిందంటే ఎందుకు వేడెక్కిందో వెతకాలి గానీ ఫ్యూజుని తిట్టి లాభంలేదు. ఆఖరికి ఇంటి వెనక్కెళ్లి చూస్తే వెంట్ మూతలో, అదే డ్రయ్యర్ గాలి బయటికొచ్చే గొట్టం చివర, పిచ్చుకలు గూడు కట్టేసుకున్నాయి, గడ్డీ గాదం, దానికి తోడు నాలుగేళ్ల లింట్, అదే బట్టల నూగు, దూదిపరుపులా. పైగా గోడ వెనక ముందున్న ఓనరు వేసిన తెల్ల ప్లాస్టిక్ గొట్టం. అది అగ్గిపెట్టె పక్కన పెట్రోలు పెట్టుకోవడంతో సమానం. ఆ వేడికి బేరింగులు కూడా ఎండిపోయి ఆ డ్రయ్యరే పోయింది.

ఇది నా ఒక్కడి గోల కాదు, అమెరికా ప్రభుత్వ ఫైర్ అడ్మినిస్ట్రేషన్ వాళ్లు 2008 నుంచి 2010 దాకా లెక్కేస్తే ఏడాదికి సుమారు 2,900 ఇళ్లల్లో డ్రయ్యర్ మంటలు, కారణాల్లో ముందున్నది శుభ్రం చేయకపోవడమే.

అందుకని డ్రయ్యర్ వేసి నువ్వే బయటికెళ్లి వెంట్ దగ్గర చెయ్యి పెట్టి చూడు. మూత రెక్క పూర్తిగా లేవాలి, గాలి చేతికి గట్టిగా తగలాలి. మూరెడు దూరంలోనే నీరసంగా తగిలితే గొట్టంలో ఏదో ఉన్నట్టే. మీ షికాగో చలిలో మంచు పేరుకుని రెక్క గడ్డకట్టడం కూడా ఉంటుంది, తుఫాను వచ్చిన మర్నాడు చూడ్డం అలవాటు చేసుకో. మూతకి జాలీ ఉంటే పీకెయ్, పురుగులు రాకూడదని పెడతారు, లింట్ అంతా అక్కడే తట్టుకుంటుంది. గొట్టం 4 అంగుళాల గట్టి మెటల్‌దే ఉండాలి, ఇళ్లు కట్టే బిల్డింగ్ కోడ్ ప్రకారం మొత్తం 35 అడుగులు మించకూడదు, ఒక్కో 90 డిగ్రీల మలుపుకీ అందులోంచి 5 అడుగులు తీసెయ్యాలి. జాయింట్లకి మెటల్ టేపు వెయ్యండి, లోపలికి పొడుచుకొచ్చే స్క్రూలొద్దు, ప్రతి స్క్రూ దగ్గరా నూగు చుట్టుకుంటుంది. ఏడాదికోసారి డ్రిల్లుకి తగిలించే పొడుగు బ్రష్షుతో దులపాలి.

ఒక మాట గట్టిగా చెప్తున్నా. వీడియోల్లో కొందరు, వెనక గొట్టం ఊడబీకి నడిపి చూడండి, ఆరితే తప్పు గొట్టంది అంటారు. ఎలక్ట్రిక్ వాళ్లు ఏమైనా చేసుకోనీ, నువ్వు మాత్రం చెయ్యకు. గ్యాస్ డ్రయ్యర్ పొగ గాలి అది, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉండచ్చు, ఇంట్లోకి వదలకూడదు, పసిబిడ్డ ఉన్న ఇల్లు. ఆ కార్బన్ మోనాక్సైడ్‌ని పసిగట్టే అలారం బెడ్రూమ్ దగ్గరొకటి, లాండ్రీ ఉన్న అంతస్తులో ఒకటి ఉండాలి, బ్యాటరీ చూడు.

గ్యాస్ వాసన, అదే కుళ్లిన గుడ్డు వాసన వస్తే స్విచ్చు వెయ్యకు, తియ్యకు, ఇంట్లో ఫోన్ కూడా చెయ్యకు, బుజ్జిగాణ్ణెత్తుకుని బయటికెళ్లి అక్కణ్ణుంచి గ్యాస్ కంపెనీకో ఎమర్జెన్సీ నంబరు 911కో ఫోన్ చెయ్యి. డ్రయ్యర్ జరిపి మళ్లీ పెట్టించినప్పుడు పాత ఫ్లెక్సిబుల్ గొట్టం వాడొద్దు, కొత్తది వేయించి సబ్బునీళ్లు పూసి బుడగలొస్తున్నాయేమో చూడమను.

లింట్ ఫిల్టరు ప్రతి లోడుకీ తీస్తున్నావులే, నీ సంగతి తెలుసు. కానీ దాన్ని కుళాయి కింద పెట్టి చూడు, నీళ్లు జారిపోకుండా నిలబడితే డ్రయ్యర్ షీట్ల (బట్టలు మెత్తబడాలని లోడుతో వేసే కాగితాల్లాంటివి) జిడ్డు పట్టినట్టు, గిన్నెల సబ్బూ పాత టూత్ బ్రష్షుతో రుద్ది బాగా ఆరాక పెట్టు. డ్రమ్ములో రెండు మెరిసే పట్టీలుంటాయి, తడి కనిపెట్టేవి, వాటిమీదా ఆ జిడ్డే, రబ్బింగ్ ఆల్కహాల్‌తో తుడువు, ఆటో సెట్టింగులో పెడితే బట్టలు పచ్చిగా ఉండగానే ఆగిపోవడం తగ్గుతుంది. కీచుమంటే రోలర్లు, డ్రమ్ము తిరక్కుండా మోటారే ఊఁ అంటే బెల్టు. వాటిని తీరిగ్గా చూసుకోవచ్చు.

ఇక చివరిది, మీ అత్తగారికి నొప్పి కలగకుండా నువ్వే చెప్పాలి. ఆవిడ రాజమండ్రి నుంచి వచ్చి రోజూ బుజ్జిగాడికి నువ్వుల నూనె మర్దనా చేసి, నలుగు పెట్టి నీళ్లు పోస్తున్నారని మీ అమ్మ చెప్పింది, మహా సంతోషం. ఆ నూనె తుడిచిన తువ్వాళ్లూ, దీపాల దగ్గర తుడిచిన గుడ్డలూ డ్రయ్యర్లో పడుతున్నాయా? నువ్వుల నూనె లాంటివి నూలుగుడ్డలో పట్టుంటే గాలి తగిలి వాటంతట అవే వేడెక్కుతాయి, ఉతికినా పూర్తిగా పోవు, వేడి వేడిగా తీసి బుట్టలో కుప్పేస్తే ఆ వేడి బయటికి పోలేక ఒక్కోసారి ఎవరూ అంటించకుండానే రాజుకుంటుంది. మన ఇళ్లల్లో ఇది ఎవరికీ తోచదు, ఊళ్లో దండెం మీద వేస్తాం కదా, ఏ గొడవా ఉండేది కాదు. ఆ తువ్వాళ్లని వేరుగా వేడినీళ్లల్లో ఎక్కువ సబ్బేసి ఉతికి, బేస్‌మెంట్లో తాడు కట్టి ఆరెయ్. బయట దండెం కట్టద్దంటుంది మీ హెచ్‌ఓఏ, అదే కాలనీ ఇళ్ల ఓనర్ల సంఘం, లోపల కడితే వాళ్లేమంటారు. మిగతా బట్టలు కూడా చివర్లో చల్లబరిచే పది నిమిషాలూ పూర్తయ్యాక తీసి, వెంటనే పరిచి మడతపెట్టు. రాత్రి డ్రయ్యర్ వేసి పడుకోవడం, వేసి కాస్ట్‌కోకి వెళ్లడం రెండూ మానెయ్.

మల్టీమీటర్ కొనొద్దని అల్లుడికి చెప్పు, వచ్చే నెల అన్నప్రాసనకి వస్తున్నాంగా, నాది తెస్తాను. అప్పటిదాకా గాలి బాగా వస్తుంటేనే వాడు, లోడుకీ లోడుకీ మధ్య గంటన్నర వదులు. ముందు బయటికెళ్లి ఆ రెక్క వీడియో తీసి పంపు, మిగతా సంగతి అది చూశాక చెప్తా.

మీ మావయ్య