ఫార్మ్-డి చదువుతున్న అమ్మాయి కెన్యా వైద్య శిబిరానికి వెళ్తానంటోంది… పంపవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో ఫార్మ్-డి (ఆరేళ్ల ఫార్మసీ కోర్సు) నాలుగో సంవత్సరం చదువుతోంది. కెన్యాలో మూడు వారాల వైద్య సేవా యాత్ర ఉందని, అది చేస్తే అమెరికాలో అవకాశాలు పెరుగుతాయని ఒక సంస్థ వాళ్లు చెప్పారట. విమాన టికెట్ కాక రెండు లక్షలు కట్టమంటున్నారు. అమ్మాయి పట్టుదలగా ఉంది, వాళ్ల నాన్నగారు ససేమిరా అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు ఆ పిల్ల కోరికను తీసిపారేయకండి. మందు అందని మనుషుల దగ్గరికి వెళ్లి పనిచేయాలనిపించడం మంచి మనసుకే సాధ్యం. డబ్బు లెక్క ఒక్కటే చూపించి కాదంటే నొచ్చుకుంటుంది. అయితే ఆ సంస్థ సేవను, అమెరికాను ఒకే మూట కట్టి చూపిస్తోంది. అమెరికా సంగతి ముందు తేల్చేద్దాం.

అక్కడ ఫార్మసిస్టుగా పనిచేయాలంటే విదేశాల్లో చదివినవారు తమ పట్టాను అక్కడి ఫార్మసీ బోర్డుల జాతీయ సంఘం చేత సరిచూయించుకోవాలి. విదేశీ ఫార్మసీ పట్టభద్రులకు పెట్టే ఎఫ్‌పీజీఈఈ పరీక్ష, ఇంగ్లీషు పరీక్ష టోఫెల్ గట్టెక్కాలి. 2003 నుంచి పట్టా పొందినవారికి కనీసం ఐదేళ్ల ఫార్మసీ చదువు ఉండాలన్నది నిబంధన. నాలుగేళ్ల బీఫార్మసీతో ఆ దారి దొరకదు, ఆరేళ్ల ఫార్మ్-డితో దొరుకుతుంది. తర్వాత ఆయా రాష్ట్రాలు కోరినన్ని గంటలు ఇంటర్న్‌గా పనిచేసి, లైసెన్సు పరీక్షలు రాయాలి. ఇన్ని మెట్లలో ఎక్కడా కెన్యాలో గడిపిన మూడు వారాలను లెక్కలోకి తీసుకోరు. పై చదువుల దరఖాస్తులో ఒక పేరా రాసుకోవడానికి పనికొస్తుంది, అదీ అక్కడ తను ఏం చేసిందో స్పష్టంగా చెప్పగలిగితేనే. పిల్లలను ఎత్తుకుని దిగిన ఫొటోలు ఎవరినీ ఒప్పించవు. అసలు రోగుల ఫొటోలు అనుమతి లేకుండా తీయడమే తప్పు.

ఇక సేవ సంగతి. నన్ను నిజంగా కలవరపెట్టేది ఇదే. శిబిరంలో ఫార్మసీ విద్యార్థిని కూర్చోబెట్టేది మందుల బల్ల దగ్గర. దాతలు పంపిన పెట్టెల్లో ఐదు మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల పారాసెటమాల్ సిరప్, 250 మిల్లీగ్రాముల సిరప్ పక్కపక్కనే ఉండవచ్చు. పసిపిల్లల చుక్కల మందులోనైతే ఒక్క మిల్లీలీటరులోనే 100 మిల్లీగ్రాములు ఉంటుంది. ఎనిమిది కిలోల బిడ్డకు ఒక విడతకు 120 మిల్లీగ్రాములు చాలు. మీ అమ్మాయి ఇంగ్లీషులో చెప్పింది దుబాసీ స్వాహిలీలో చెబుతాడు, ఆ తల్లి తలూపి వెళ్లిపోతుంది. చుక్కల మందును ఆమె ఇంట్లో ఐదు మిల్లీలీటర్ల చెంచాతో పోస్తే బిడ్డ లోపలికి 500 మిల్లీగ్రాములు పోతుంది. జ్వరం తగ్గక అదే రోజు మళ్లీ మళ్లీ పోస్తే కాలేయం దెబ్బతినే ప్రమాదం ఉంది. ఆ తల్లి చేత “ఎంత పోస్తావు, ఎన్నిసార్లు పోస్తావు” అని తిరిగి చెప్పించుకోవడానికి క్యూలో ఒక్కొక్కరికీ తగినంత సమయం ఇస్తారా? అనుమానం వస్తే అడగడానికి పక్కన అనుభవమున్న ఫార్మసిస్టు ఉంటారా?

మన దగ్గర 1948 ఫార్మసీ చట్టంలోని 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ చూసి మందు ఇచ్చే పని రిజిస్టరైన ఫార్మసిస్టుది. గుంటూరులో ఒంటరిగా చేయనివ్వని పనిని, రోగి పేదవాడు, ఊరు దూరం అన్న కారణంతో అక్కడ చేయించడం అన్యాయం.

అందుకే ఆ సంస్థకు అమ్మాయి చేతే ఈమెయిల్ రాయించండి. మందుల బల్ల దగ్గర కెన్యాలో రిజిస్టరైన ఫార్మసిస్టు ఉంటారా? మందులు అక్కడే కొంటారా, బయటి నుంచి తెస్తారా? తెస్తే అక్కడి ప్రభుత్వ అనుమతి ఉందా? 2004 సునామీ తర్వాత ఇండోనేషియాలోని ఆచేకు వేల టన్నుల మందులు వచ్చిపడ్డాయి. వాటిలో చాలావాటి మీది భాష అక్కడి సిబ్బందికే అర్థం కాలేదు, చివరికి కాల్చి పారేయాల్సినవి గుట్టలుగా మిగిలాయి. దానం చేసే మందుకు చేరేనాటికి కనీసం ఏడాది గడువు మిగిలి ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇంకొక ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం: బీపీ, షుగరు ఉన్నవాళ్లకు నెల రోజుల బిళ్లలు ఇచ్చి వచ్చేస్తే, రెండో నెల వాళ్లు ఎవరి దగ్గరికి వెళ్లాలి? దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రితో కలిసి పనిచేసే సంస్థ అయితే వెంటనే జవాబిస్తుంది. “అవన్నీ మేం చూసుకుంటాం” అంటే రూపాయి కూడా కట్టకండి.

ఈలోగా ఇక్కడ చేయగలిగిన పని చాలా ఉంది. కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ శిబిరాల్లో మందుల బల్ల దగ్గర కూర్చోమనండి. మిర్చి యార్డులో బస్తాలు మోసే హమాలీ ఒకాయన ఒళ్లు నొప్పులకు రోజూ డైక్లోఫెనాక్ మింగుతుంటాడు. శిబిరంలో బీపీ ఎక్కువుందని తేలితే డాక్టరు బిళ్ల రాస్తారు. ఆ నొప్పి బిళ్లే బీపీని పెంచుతుందని, మూత్రపిండాలకు ముప్పని ఎవరూ చెప్పకపోతే బీపీ బిళ్ల వేసుకున్నా ఫలితం అంతంతమాత్రమే. “ఇంకేమైనా మందులు వాడుతున్నారా? జేబులో ఉన్నవి చూపించండి” అని తెలుగులో అడిగి, నొప్పి బిళ్ల సంగతి పట్టుకుని డాక్టరుకు చెప్పగలిగిన విద్యార్థిని ఏ దేశంలోనైనా పనికొస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు, రోజువారీ మందులు నీళ్లపాలైన షుగరు రోగులకు కావలసింది ఇలాంటి చేయూతే. ఆసుపత్రి పోస్టింగుల్లో మందుల దుష్ఫలితాలను గుర్తించి, 2010లో మొదలైన జాతీయ ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమానికి నివేదికలు పంపడం కూడా నేర్చుకోమనండి. ఇంటర్వ్యూలో గంటసేపు మాట్లాడగలిగిన అనుభవం అది.

విదేశం చూడాలన్న కోరిక బలంగా ఉంటే 1949లో ఏర్పడిన అంతర్జాతీయ ఫార్మసీ విద్యార్థుల సమాఖ్య నడిపే విద్యార్థి మార్పిడి కార్యక్రమం ఉంది. మన దేశంలో ఇండియన్ ఫార్మాస్యూటికల్ అసోసియేషన్ విద్యార్థి విభాగం ద్వారా ప్రయత్నించవచ్చు. అక్కడి ఆసుపత్రిలోనో ఫార్మసీలోనో పెద్దల పర్యవేక్షణలో నేర్చుకోవడమే దాని ఉద్దేశం కనుక నా మొగ్గు దానివైపే.

ఎటు వెళ్లినా నాలుగో ఏడాదో ఐదో ఏడాదో సెలవుల్లోనే వెళ్లాలి. ఆరో ఏడాది ఇంటర్న్‌షిప్‌లో ఆరు నెలలు జనరల్ మెడిసిన్, మరో మూడు విభాగాల్లో రెండేసి నెలలు పనిచేయాలి, మధ్యలో మూడు వారాలు మాయమైతే చిక్కే. కెన్యాయే ఖాయమైతే ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు ప్రభుత్వ గుర్తింపున్న కేంద్రంలోనే వేయించండి. టీకా వేసినట్టు అక్కడ ఇచ్చే పసుపు కార్డు లేకుండా తిరిగొస్తే విమానాశ్రయం నుంచి నేరుగా క్వారంటైన్‌కు పంపవచ్చు. కెన్యా ఇప్పుడు వీసాకు బదులు ఇస్తున్న ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి (ఈటీఏ) స్వచ్ఛంద సేవకు చెల్లుతుందో లేదో కూడా రాతపూర్వకంగా అడగండి. సంస్థ నుంచి జవాబు వచ్చాక, డబ్బు కట్టకముందే నాకు ఒకసారి పంపండి, వాళ్ల నాన్నగారితో కూడా నేనే మాట్లాడతాను.