ముందు కోచ్, తరువాత క్లబ్బులు: మేనకోడలికి ఒక లేఖ

సికింద్రాబాద్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరు ముగ్గురూ క్షేమమని తలుస్తాను.

నువ్వు గోల్ఫ్ ఆడుతూ తీసి పంపిన మూడు వీడియోలను నాలుగైదు సార్లు చూశాను. ఫోనులో చెబితే సగం మాటలు నీ ఆఫీసు మీటింగుల మధ్య కొట్టుకుపోతాయి కనుక తీరికగా కూర్చుని రాస్తున్నాను. రెండు వేల డాలర్లు పక్కన పెట్టుకున్నానని, ఏ కంపెనీ గోల్ఫ్ క్లబ్బుల, అంటే బంతిని కొట్టే కర్రల, సెట్టు కొంటే బంతి కుడికి వంగిపోకుండా ఉంటుందో చెప్పమని అడిగావు. అలాంటి సెట్టును ఇంతవరకు ఎవరూ తయారు చేయలేదమ్మా. ఈ నెలలో ఏదీ కొనవద్దు. ఆ డబ్బులో మూడో వంతును ముందుగా ఒక మంచి కోచ్ చేతిలో పెట్టు. రెండు మూడు నెలలు గడిచాక, ఆ కోచ్‌కు చెప్పి కొలతలు తీయించుకుని, మిగిలిన దానితో నీకు సరిపడే క్లబ్బులు చేయించుకో. ఈ రెండింటినీ వేరువేరు పనులుగా చూసేవారు ఒకదానికి పెట్టిన ఖర్చును రెండోదానితో పాడు చేసుకుంటారు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు, పదకొండేళ్లు నేనే అలా పాడు చేసుకున్నాను.

సైన్యంలో చేరిన కొత్తలో నాకు గోల్ఫ్ పట్టుబడింది. పదవీ విరమణ చేస్తున్న ఒక పెద్ద అధికారి తన పాత సెట్టును వాత్సల్యంతో నాకు ఇచ్చి వెళ్లారు. ఆయన ఆరడుగుల మనిషి, నేను అయిదడుగుల నాలుగంగుళాలు. ఉచితంగా వచ్చిన దానికి కొలతలేమిటని నేను ఆలోచించలేదు. పొడవైన క్లబ్బును పొట్టివాడు పట్టుకుంటే దాని ముక్కు, అంటే మేము టో అనే భాగం, పైకి లేస్తుంది, మడమ భాగం నేలను తవ్వుతుంది, క్లబ్బు ముఖం ఎడమకు తిరుగుతుంది, బంతి ఎడమకు పోతుంది. ఇది తెలియక, బంతి ఎడమకు పోవడం నా తప్పే అనుకుని, కొట్టే క్షణంలో మణికట్టును బిగబట్టి ముఖాన్ని కుడికి తెరిచి ఉంచడం అభ్యాసం చేశాను. పదకొండేళ్లకు అది నా ఒంట్లో ఇంకిపోయింది. చివరికి నీలగిరుల్లోని వెల్లింగ్టన్ జింఖానా గోల్ఫ్ కోర్సులో క్లబ్బుల సంచి మోసే ఒక ముసలి కేడీ, నా స్వింగును, అంటే క్లబ్బు ఊపే తీరును, కాక, నేను పెరికిన గడ్డిచెక్కను చూసి, అది ఒక పక్క లోతుగా, ఇంకో పక్క పైపైన తెగిందని వేలుపెట్టి చూపించి, ఈ క్లబ్బులు మీవి కావు సాబ్ అన్నాడు. ఇంజనీరును నేను, కనిపెట్టినవాడు అతను!

తరువాత ఒక మరమ్మతుదారు దగ్గర షాఫ్టులను, అంటే క్లబ్బు కాడలను, ముప్పావు అంగుళం కోయించి, తలలను వైస్‌లో బిగించి కాడకూ తలకూ మధ్య కోణాన్ని మార్పించుకున్నాను. ఇక బంతి తిన్నగా పోతుందని సంబరపడ్డాను. పోలేదు. ఇప్పుడు క్లబ్బు సరిగ్గా ఉంది, మణికట్టు మాత్రం పాత అబద్ధానికే జవాబు చెబుతోంది, కాబట్టి ప్రతి బంతీ కుడికి ఎగిరిపోయింది. నాలుగు నెలలు ఒక ప్రొఫెషనల్ దగ్గర నేర్చుకున్నాకే ఆ అలవాటు వదిలింది. క్లబ్బును ఒక పూటలో సరిచేయవచ్చు, శరీరాన్ని అలా సరిచేయలేం. ముందు కోచ్ అని నేను పట్టుబట్టడానికి కారణం ఇదే.

ఇప్పుడు నీ సంగతి. నీ కష్టం నా కష్టానికి సరిగ్గా తిరగేసిన బొమ్మ. నువ్వు మా నాన్నగారి పోలికతో అయిదడుగుల ఎనిమిదంగుళాలు పెరిగావు. దుకాణంలో నువ్వు ఆడపిల్లవని చూసి లేడీస్ సెట్టు ఇచ్చి పంపారు. మామూలుగా ఆ సెట్టు మగవారి సెట్టు కన్నా సుమారు ఒక అంగుళం పొట్టిగా ఉంటుంది, షాఫ్టులు అన్నిటికన్నా మెత్తగా ఉంటాయి. వీడియోలో నువ్వు బంతి మీదికి ఎంతగా వంగి నిలబడుతున్నావో చూశావా? ఆట అయ్యాక నడుము నొప్పి అన్నావు, దానికి నీ వయసును తప్పుపట్టావు. ముప్పై ఆరేళ్లు ఒక వయసా? పొట్టి క్లబ్బును అందుకోవడానికి నువ్వు కుంగుతున్నావు. క్లబ్బు ముక్కు నేలకు తగిలి మడమ పైకి లేచే చోట బంతి కుడికి బయలుదేరడం సహజం.

అయితే ఇక్కడ ఒక తేడాను జాగ్రత్తగా గమనించు. బంతి కుడికి బయలుదేరడం వేరు, బయలుదేరిన తరువాత గాలిలో కుడికి వంగడం వేరు. బయలుదేరే దిక్కును చాలా మటుకు తాకే క్షణంలో క్లబ్బు ముఖం ఎటు చూస్తోందన్నది నిర్ణయిస్తుంది. గాలిలో వంపు మాత్రం ముఖం చూసే దిక్కుకూ, క్లబ్బు ప్రయాణించే దారికీ మధ్య ఉన్న తేడా వల్ల పుడుతుంది. నీ మూడో వీడియోలో డ్రైవర్‌తో, అంటే అన్నిటికన్నా దూరం కొట్టే క్లబ్బుతో, కొట్టిన బంతి ఎడమకు బయలుదేరి కుడికి అర్ధచంద్రాకారంగా వంగింది. అంటే క్లబ్బు బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వస్తోంది, ముఖం ఆ దారికి తెరుచుకుని ఉంది. స్లైస్ అనే ఈ కుడి వంపును ఏ ఫిట్టరూ, అంటే కొలతలు తీసి క్లబ్బులు కుదిర్చేవాడు, నయం చేయలేడు. చేస్తానన్నవాడు నీ లోపాన్ని కప్పిపెట్టే డ్రైవర్‌ను అంటగడతాడు, అది ఆరు నెలల తరువాత నీ స్వింగు బాగుపడగానే బంతిని ఎడమ పొదల్లోకి తోస్తుంది.

నువ్వు బ్యాడ్మింటన్ ఆడినదానివి. కాలేజీ రోజుల్లో రాకెట్‌కు గట్ ఎన్ని పౌండ్ల బిగువుతో వేయాలో, గ్రిప్ ఎంత మందంగా చుట్టాలో దుకాణదారుతో పోట్లాడేదానివి. కోచ్ లేకుండా ఒక్క నెలైనా ఆడలేదు. మరి గోల్ఫ్ దగ్గరికి వచ్చేసరికి బకెట్ల కొద్దీ బంతులు కొడుతూ ఫోనులో వీడియోలు చూస్తే చాలని ఎందుకు అనుకున్నావు? పైగా బ్యాడ్మింటన్ నీకు మేలూ చేసింది, కీడూ చేసింది. నీ చేతి వేగం చాలామంది కొత్తవారికి ఉండదు, అది మేలు. చివరి క్షణంలో మణికట్టును విదిలించి బంతిని పైకి లేపాలని చూడడం కీడు. గోల్ఫ్‌లో బంతిని పైకి లేపే పని క్లబ్బు ముఖం వాలు చూసుకుంటుంది. ఐరన్ అనే పలచని లోహపు తల క్లబ్బుతో కొట్టేటప్పుడు నీ చేతులు బంతి కన్నా కాస్త ముందుండి, క్లబ్బు కిందికి దిగుతూ తాకాలి. ఈ ఒక్క విషయం నీ కండరాలకు నమ్మకం కలగడానికి మూడు నాలుగు పాఠాలు పట్టినా ఆశ్చర్యపోను.

కోచ్‌ను వెతకడానికి నువ్వు దూరం వెళ్లనవసరం లేదు. మన తెలుగువారు అంతమంది స్థిరపడిన మీ టెక్సాస్ ఫ్రిస్కోలోనే గోల్ఫ్ బోధకుల సంస్థ పీజీఏ ఆఫ్ అమెరికా ఫ్లోరిడా నుంచి తరలివచ్చి 2022లో ప్రధాన కార్యాలయం తెరిచింది. అక్కడ ఆ సంస్థ సభ్యత్వం ఉన్నవారినో, మహిళా గోల్ఫ్ సంస్థ ఎల్‌పీజీఏ బోధకులనో అడుగు. ఇక్కడైతే నేషనల్ గోల్ఫ్ అకాడమీ ఆఫ్ ఇండియా ధ్రువీకరణ ఉందా అని అడుగుతాం. ధ్రువపత్రం మొదటి జల్లెడ మాత్రమే. మొదటి పాఠంలో ఆయన, లేదా ఆమె, నీ నడుము నొప్పి గురించి, వారానికి ఎన్ని గంటలు కేటాయించగలవన్న దాని గురించి అడగకుండానే నువ్వు క్లబ్బు పట్టుకునే తీరు మార్చడం మొదలుపెడితే మర్యాదగా నమస్కారం చెప్పి వచ్చెయ్. ఒకే పాఠంలో ఆరు తప్పులు చూపించేవారు కూడా వద్దు. ఆరింటికీ మూలమైన ఒక్కదాన్ని పట్టుకోగలిగినవారే కోచ్. పాఠానికీ పాఠానికీ మధ్య రెండు మూడు వారాలు ఉండనివ్వు, ఆ మధ్యలో చెప్పిన ఒక్క పనినే చెయ్యి. మూడో నాలుగో పాఠం తరువాత, బంతులు కొట్టి సాధన చేసే రేంజ్‌లో కాక, కోర్సు మీద తొమ్మిది హోల్స్ నీతో నడవమని అడుగు. రేంజ్‌లో కనబడని జబ్బులు వాలు నేల మీద బయటపడతాయి.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. మొదటి ఆరు వారాలు నీ ఆట ఇప్పటికన్నా దిగజారుతుంది. టైగర్ వుడ్స్ 1997 మాస్టర్స్ టోర్నమెంటును 12 స్ట్రోకుల, అంటే దెబ్బల, తేడాతో గెలిచి కూడా, తన కోచ్ బుచ్ హార్మన్‌తో కలిసి స్వింగును విప్పి మళ్లీ కట్టుకున్నాడు. 1998లో పీజీఏ టూర్‌లో ఆయనకు దక్కింది ఒక్క గెలుపే, అప్పుడు నవ్వినవాళ్లున్నారు. 2000 యూఎస్ ఓపెన్‌ను ఆయన 15 స్ట్రోకులతో గెలిచాడు. పాతతరం మేటి ఆటగాడు జాక్ నిక్లాస్ అంతటివాడు ప్రతి ఏడాదీ సీజన్ మొదట్లో తన చిన్ననాటి గురువు జాక్ గ్రౌట్ దగ్గరికి వెళ్లి మొదటి పాఠం నుంచి మొదలుపెట్టేవాడు. నువ్వు మాత్రం నాలుగో వారంలో నాకు ఫోను చేసి, ఈ కోచ్ నా ఆటను పాడు చేశాడు మామయ్యా అంటావు. అప్పుడు ఈ ఉత్తరం తీసి చదువుకో.

ఆ మూడు నెలల్లో క్లబ్బుల విషయంలో చేయవలసింది ఒక్కటే ఉంది. కోచ్‌కు నీ ఎత్తు చూపించి, నీకు తగిన పొడవున్న వాడిన సెవెన్ ఐరన్, అంటే ఏడో నంబరు ఐరన్, ఒకటి ఇప్పించమని అడుగు. కుంగి నిలబడి నేర్చుకున్న పాఠం నిలబడదు. మిగతా సెట్టు ఆగవచ్చు.

బంతి పదింటిలో ఆరేడు సార్లు ఒకేలా పోవడం మొదలయ్యాక ఫిట్టింగుకు వెళ్లు. వీలైతే ఒకే కంపెనీ సరుకు అమ్మేచోటికి కాక, నాలుగు కంపెనీల తలలు, షాఫ్టులు మార్చి మార్చి చూపగలిగినచోటికి వెళ్లు. నీ పాత క్లబ్బులు వెంట తీసుకువెళ్లు, పోలికకు అవే ఆధారం. ఫిట్టర్ ముందుగా నీ ఎత్తుతోపాటు మణికట్టు మడత నుంచి నేల దాకా దూరాన్ని కొలుస్తాడు, ఎందుకంటే ఒకే ఎత్తున్న ఇద్దరి చేతుల పొడవు ఒకటి కాదు. ఇది కుట్టుపనివాడి టేపు లాంటిది, అంతటితో చొక్కా కుదరదు. అసలు కొలత నువ్వు కదులుతున్నప్పుడు తీసేది. బంతి మీద మార్కర్‌తో ఒక నిలువు గీత గీసి కొట్టిస్తారు. ఆ గీత ముద్ర క్లబ్బు ముఖం మీద నిలువుగా పడితే లై యాంగిల్, అంటే కాడ నేలకు వాలే కోణం, సరిపోయినట్టు, వాలితే తలను వంచాలి. క్లబ్బులు చేసే పింగ్ కంపెనీ స్థాపకుడు కార్స్టెన్ సోల్‌హైమ్ జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన ఇంజనీరు. ఆ కంపెనీ ఈ కోణాలకు రంగు చుక్కల పద్ధతి పెట్టింది, నల్ల చుక్క అంటే ప్రామాణిక కోణం. ముఖం వాలు ఎక్కువగా ఉన్న క్లబ్బులో ఈ కోణం తప్పితే బంతి ఎక్కువగా పక్కకు పోతుంది, కాబట్టి సెవెన్ ఐరన్‌తో సరిపెట్టుకోకుండా వెడ్జ్‌లను, అంటే ఆ ఎక్కువ వాలు క్లబ్బులను, కూడా చూపించుకో.

షాఫ్టు మీద ఉన్న అక్షరాలను నమ్మకు. ఎల్, ఏ, ఆర్, ఎస్ అన్న గట్టిదనపు గుర్తులకు పరిశ్రమ అంతటికీ వర్తించే కొలత లేదు, ఒక కంపెనీ ఆర్ మరొక కంపెనీ ఎస్ అంత గట్టిగా ఉండవచ్చు. నీ చేతి వేగానికి లేడీస్ షాఫ్టు చాలదని నా అనుమానం. అది అనుమానంగానే ఉండనివ్వు, ఫిట్టర్ దగ్గర వేగం కొలిచే యంత్రం తేల్చనివ్వు. పొడవు పెంచినప్పుడు తల బరువుగా తోస్తుంది, అర అంగుళానికి స్వింగ్‌వెయిట్ అనే ఆ బరువు కొలత సుమారు మూడు పాయింట్లు పెరుగుతుంది. దాన్ని ఎలా సర్దుతావని ఫిట్టర్‌ను అడుగు. జవాబు తడబడితే అతను కొలతలు చదివేవాడే కాని కట్టేవాడు కాడు.

తెర మీద అంకెలు మెరుస్తుంటే అందరూ చేసే తప్పు, బలం కొద్దీ కొట్టడం. కోర్సులో కొట్టేలాగే కొట్టు. అన్నిటికన్నా దూరం వెళ్లిన బంతిని చూపించి క్లబ్బు అమ్మాలని చూస్తారు. నువ్వు మాత్రం పది బంతులూ పడిన చోట్లను ఒక దుప్పటి కప్పగలదా అని చూడు. మన గోల్ఫర్ అదితి అశోక్ పెద్ద టోర్నమెంట్లలో అందరికన్నా తక్కువ దూరం కొట్టేవారిలో ఒకరు. అయినా టోక్యో ఒలింపిక్స్‌లో ఒక్క స్ట్రోకు తేడాతో పతకం తప్పి నాలుగో స్థానంలో నిలిచింది. అరవై డెబ్బై బంతుల తరువాత ఒళ్లు అలిసి అంకెలు అబద్ధమాడతాయి కాబట్టి, ఐరన్‌లు ఒక రోజు, డ్రైవర్ ఇంకో రోజు పెట్టుకో.

సెట్టులో నిబంధన ప్రకారం 14 క్లబ్బులకు మించకూడదు, నీకు పది చాలు. క్లబ్బు నంబర్లను కాక ముఖం వాలు డిగ్రీలను చూడు. పూర్వం సెవెన్ ఐరన్ వాలు 35 డిగ్రీల చుట్టుపక్కల ఉండేది, ఇప్పుడు చాలా సెట్లలో 30 డిగ్రీలో, ఇంకా తక్కువో. దూరం పెరిగిందని మురిసిపోయేలోగా, పిచింగ్ వెడ్జ్‌కూ తరువాతి వెడ్జ్‌కూ మధ్య పెద్ద సందు పడి ఉంటుంది. అక్కడ నాలుగైదు డిగ్రీలకు మించి తేడా ఉండనివ్వకు. డబ్బు చాలకపోతే డ్రైవర్ మానుకో, బంతిని గుంటలోకి దొర్లించే పటర్ ఫిట్టింగు మానకు. 72 పార్ కోర్సులో, అంటే 72 దెబ్బల్లో ముగించాలని లెక్క కట్టిన చోట, 36 స్ట్రోకులను పటర్‌కే కేటాయించారని మరచిపోయి, దాన్ని ఉచిత కానుకలా తీసుకునేవారు చాలామంది.

కొలతల కాగితాన్ని ఫొటో తీసి నాకు పంపు. ఆన్‌లైన్‌లో సగం ధరకు వచ్చే సెట్ల జోలికి పోవద్దు, వాటిలో నకిలీలు తిరుగుతున్నాయి. క్లబ్బుల పిడి మీది గ్రిప్పులు ఏడాదికొకసారి మార్పించుకో.

చివరగా, పాత లేడీస్ సెట్టును కోసి పాపకు ఇస్తానన్నావు. కోయవద్దు. కోసిన షాఫ్టు ఇంకా గట్టిపడుతుంది, తల బరువు తొమ్మిదేళ్ల పిల్లకు ఎక్కువవుతుంది, ఆ బరువును మోయడానికి పాప నాలాగే ఏదో ఒక వంకర నేర్చుకుంటుంది. పిల్లల కోసం తేలికగా చేసిన క్లబ్బులు మూడు కొను, పటర్‌తో కలిపి. ఆ లేడీస్ సెట్టును మీ కాలనీలో అయిదడుగుల నాలుగంగుళాలు ఉన్న స్నేహితురాలు ఎవరైనా ఉంటే ఇచ్చెయ్, బహుశా ఆమెకు అతికినట్టు సరిపోతుంది.

ఇట్లు,
ఆశీస్సులతో మీ మామయ్య