లేజర్ ప్యాకేజీకి అప్పు వద్దు, సిట్టింగ్‌కి సిట్టింగ్ కట్టండి

ప్రశ్న: బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటున్నాను. వయసు 27, చేతికొచ్చే జీతం 48,000. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో వచ్చే సమస్య) వల్ల గడ్డం మీద, ఒంటి మీద వెంట్రుకలు ఎక్కువ. వ్యాక్సింగ్, థ్రెడింగ్‌లకు నెలకు 1,500 అవుతోంది. ఒక క్లినిక్‌లో ఫుల్ బాడీ లేజర్ 8 సిట్టింగులకు 72,000 అన్నారు, నో కాస్ట్ ఈఎంఐ నెలకు 6,000. గడ్డం, చంకలకు మాత్రమే అయితే సిట్టింగ్‌కి 3,000. బ్యాంకులో 20,000 ఉంది. తీసుకోమంటారా?

జవాబు: ఇది దుబారా అని నేను అననమ్మా. రోజూ గడ్డం తడిమి చూసుకుని ఆఫీసుకి బయల్దేరడం ఎంత టెన్షనో నాకు అర్థమవుతుంది. కానీ ఈ ప్యాకేజీ మాత్రం తీసుకోకండి.

మీరు పార్లర్‌కి ఏడాదికి పెట్టేది 18,000. అంటే 72,000 తిరిగి రావాలంటే నాలుగేళ్లు పడుతుంది, అదీ వెంట్రుకలు మళ్లీ రాకపోతే. పీసీఓఎస్ ఉన్నవాళ్లకి సాధారణంగా అవి మళ్లీ వస్తాయి. లేజర్ ఉన్న కుదుళ్లను దెబ్బతీస్తుంది గానీ, కొత్తవాటిని మొలిపించే హార్మోన్‌ను ఏమీ చేయలేదు. అందుకే మధ్యమధ్యలో మెయింటెనెన్స్ సిట్టింగులు తప్పవు, ఆ ఖర్చు సాధారణంగా ప్యాకేజీలో ఉండదు. ముందు డాక్టర్‌కి చూపించుకుని హార్మోన్ల సంగతి తేల్చుకోండి. విక్టోరియా, బౌరింగ్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మ విభాగం ఉంది, ఫీజు భారం ఉండదు.

ఇక ఈఎంఐ. సున్నా వడ్డీ అనేది ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకు చెప్పింది. వడ్డీ ఎక్కడో ధరలో కలిసే ఉంటుంది. మొత్తం ఒకేసారి కడితే ఎంతకిస్తారో అడగండి, తేడా బయటపడుతుంది. పైగా అప్పిచ్చేది సాధారణంగా ఫైనాన్స్ కంపెనీ, క్లినిక్ కాదు. మూడో సిట్టింగ్ తర్వాత క్లినిక్ మూతపడినా, మీ చర్మానికి లేజర్ పడకపోయినా వాయిదా మాత్రం మీ ఖాతాలోంచి కట్ అవుతూనే ఉంటుంది. నన్ను ఎక్కువగా భయపెట్టేది ఇదే. మీ చేతిలో ఉన్న 20,000 నాలుగు వాయిదాలకు కూడా చాలదు.

డాక్టర్ సరేనంటే గడ్డం, చంకలతో మొదలుపెట్టండి, ఏ సిట్టింగ్‌కి ఆ డబ్బు కట్టండి. లేజర్ చేయించుకునే చోట వ్యాక్సింగ్, థ్రెడింగ్ ఎలాగూ మానాలి. కుదురు లోపల ఉంటేనే లేజర్ పనిచేస్తుంది. రేజర్ వాడొచ్చు. షేవ్ చేస్తే ముతకగా వస్తాయన్నది అపోహ, కాబట్టి కాళ్లకి, చేతులకి కూడా అదే వాడండి. అలా సిట్టింగ్‌కీ సిట్టింగ్‌కీ మధ్య ఆరు వారాలనుకుంటే దాదాపు 2,000 మిగులుతుంది, ఒక్కో సిట్టింగ్‌కి పైన వేసుకోవాల్సింది వెయ్యి. మూడు సిట్టింగుల తర్వాత ఫలితం చూసి, కొనసాగించాలో వద్దో తేల్చుకోండి.

మనలాంటి చామనఛాయ, నలుపు ఒంటికి ఎన్‌డీ యాగ్ లేజర్‌తో కాలే ప్రమాదం తక్కువ. వాళ్ల దగ్గర ఏ మెషిన్ ఉందో, చేసేది డాక్టరా టెక్నీషియనా అడగండి. "ఆఫర్ ఈ రోజు వరకే" అని ఫోన్ చేస్తే, సిట్టింగ్ ధర, క్యాష్ ధర, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కిస్తారో రాసి పంపమనండి.