కావలివాడు ఉదయం కోసం కనిపెట్టినట్టు

"క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలం మొదలైంది, చర్చిలో అందరూ ఆశ గురించి పాడుతున్నారు, నాలో మాత్రం ఏ ఆశా పుట్టడం లేదు. నా విశ్వాసంలో లోపం ఉందా?" అని అడిగారు. లోపమని నేను అనుకోను. మీరున్న స్థితిలోనే నేనూ ఒక ఆగమన కాలం గడిపాను.

ఆ ఏడాది నవంబరు చివర్లో అమ్మకు పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. రాత్రిళ్లు మంచం పక్కన కూర్చునే వంతు నాది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. మిగతా టైమంతా చీకటి, గడియారం చప్పుడు, టెన్షన్. ప్రార్థన చేద్దామంటే నోట మాట వచ్చేది కాదు. ఒక రాత్రి బైబిల్లో 130వ కీర్తన తెరిచాను. అగాధంలోంచి పెట్టే మొరతోనే మొదలవుతుంది అది. ఆరో వచనం దగ్గర ఆగిపోయాను: "కావలివారు ఉదయముకొరకు కనిపెట్టుటకంటె ఎక్కువగా నా ప్రాణము ప్రభువుకొరకు కనిపెట్టుచున్నది."

ఈ "కనిపెట్టు" అన్న మాటను చిన్నప్పటి నుంచి చదువుతున్నా, దాని మీద ఎప్పుడూ మనసు పెట్టలేదు. ఇక్కడ దానికి ఎదురుచూడటం అని అర్థం. జబ్బు మనిషిని కనిపెట్టుకుని ఉండాలి అంటాం కదా, అదే మాట. ఆ గదిలో నేను చేస్తున్న పని అదే. నిద్ర ఆపుకుంటూ అమ్మ ఊపిరి మీదే చెవి పెట్టి కూర్చోవడం. అందులో సంతోషం లేదు, పాట లేదు, అయినా అది కనిపెట్టడమే. కావలివాడికి ఉత్సాహం ఉన్నా లేకపోయినా తెల్లవారుతుంది. నాలో ఆశ ఎంత ఉందో వెతుక్కోవడం ఆ రాత్రితో మానేశాను. మాట ఇచ్చిన దేవుడు ఎలాంటివాడో చూడటం మొదలుపెట్టాను.

అప్పుడు లూకా సువార్తలో కనిపించే సుమెయోను అనే భక్తుడు నాకు బాగా దగ్గరయ్యాడు. క్రీస్తును చూడకుండా చనిపోవని అతనికి దేవుడి మాట ఉంది. చివరికి దేవాలయంలో అతని చేతుల్లోకి వచ్చింది ఓ పసిబిడ్డ, యేసు. బయట రోమా పాలన అలాగే ఉంది, ఏదీ మారలేదు. అయినా "నీ రక్షణ నేను కన్నులార చూచితిని" అన్నాడు. దేవుడు మాట నిలబెట్టుకున్నాడని తెలియడానికి అతనికి ఆ బిడ్డ చాలు.

అమ్మకు మాట తిరిగి రాలేదు. ఫిబ్రవరిలో ప్రభువు దగ్గరకు వెళ్లిపోయింది. నేను అడిగింది జరగలేదు, అది మీ దగ్గర దాచను. ఆగమన కాలపు మొదటి ఆదివారం చాలా సంఘాల్లో చదివే సువార్త భాగం యేసు పుట్టుక గురించి కాదు, ఆయన తిరిగి రావడం గురించి. ఎందుకలా అని అంతకుముందు అనుకునేవాణ్ణి. సమాధి దగ్గర నిలబడ్డ రోజున నాకు పసిబిడ్డ యేసును పడుకోబెట్టిన పశువుల తొట్టి ఒక్కటే సరిపోలేదు, ఆ రెండో రాకడ కావాల్సి వచ్చింది. "మరణము ఇక ఉండదు" అని ప్రకటన గ్రంథం 21వ అధ్యాయంలో ఉన్న మాట ఇంకా నెరవేరాల్సి ఉంది. మొదటిసారి వస్తానని వచ్చినవాడే మళ్లీ వస్తానన్నాడు. నేను పట్టుకున్నది అంతే.

లేని సంతోషాన్ని తెచ్చిపెట్టుకోకండి. పాడలేకపోతే పాడేవాళ్ల మధ్య ఊరికే కూర్చోండి. రాత్రి పడుకునే ముందు 130వ కీర్తన పైకి చదవండి, ఎనిమిది వచనాలే. అదీ చేతకాని రోజున ఎవరినైనా చదివి వినిపించమనండి. నాకు చాలా రాత్రులు అక్క ఫోన్‌లో చదివేది, నేను వింటూ అమ్మను పక్కకు తిప్పేవాణ్ణి.